బరువు ఎవరి నెత్తిన? వర్చువల్ టేబుల్‌టాప్ లోపలి బేరాలు

మా ఆట ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు. నేను హనుమకొండలో, ఇద్దరు దోస్తులు హైదరాబాద్‌లో, ఒకడు కరీంనగర్‌లో, ఇంకొకడు డల్లాస్‌లో. కాలేజీ రోజుల్లో హాస్టల్ గదిలో చాప పరుచుకుని ఆడినవాళ్లం. ఇప్పుడు ఆ చాప తెర మీదికి ఎక్కింది. దాని పేరు వర్చువల్ టేబుల్‌టాప్, పొట్టిగా వీటీటీ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు గేమ్ మాస్టర్. కథ, ఊళ్లు, శత్రువులు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఏం చేయదలచారో నోటితో చెబుతారు, అది పారిందా లేదా పాచికలు చెబుతాయి. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలకు ఊపొచ్చింది. మ్యాపు, దాని మీద బిళ్లల్లాంటి టోకెన్లు, పాచికలు, పాత్రల వివరాల పత్రాలు, వీటన్నిటినీ దూరదూరాన ఉన్నవాళ్ల తెరల మీద ఒకే తీరుగా చూపించడమే వీటీటీ పని. వినడానికి వారం రోజుల ప్రాజెక్టులా ఉంటుంది. నేనూ అట్లనే అనుకున్నా.

పోయిన వానాకాలం ఒక మ్యాపు గీశాను. కాకతీయుల నాటి గుడి, వెనక స్తంభాల చాటున నలుగురు దొంగలు. ఆటగాళ్లకు కనపడకుండా వాళ్లను దాచిపెట్టాను. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, కరీంనగర్ వాడు, "అరేయ్, ఎడమ దిక్కు పోకున్రి. స్తంభాల ఎనక నలుగురున్నరు" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఏ వెబ్ పేజీ తెరిచినా చేయి ఊరుకోక డెవలపర్ టూల్స్ నొక్కుతాడు, అంటే పేజీ వెనకున్న కోడ్, డేటా చూపించే కిటికీ. దొంగల పేర్లు, వాళ్లు నిలబడ్డ గడులు అన్నీ అక్కడ రాసి ఉన్నాయి. నేను దాచింది బొమ్మను మాత్రమే. సమాచారం ముందే వాడి ఇంటికి చేరింది.

ఇది పొరపాటున మిగిలిన లోపం కాదు, తెలిసి కుదుర్చుకున్న బేరం. ఎవరికి ఏం కనపడాలో లెక్కగట్టడానికి రెండు దారులున్నాయి. మ్యాపు మొత్తం అందరికీ పంపేసి, చూడకూడనిదాన్ని ఎవరి బ్రౌజర్ వాళ్లకు గీయకుండా వదిలేయడం ఒకటి. ఎవరి పాత్రకు ఏం కనపడుతుందో సర్వరే తేల్చి అంతవరకే పంపడం రెండోది. రెండో దారిలో రహస్యం నిజంగా రహస్యమే. కానీ ఎవరు ఒక్క గడి జరిగినా, ఏ గోడ ఎవరి చూపుకు అడ్డమొస్తుందన్న లెక్కంతా సర్వర్ మళ్లీ వేయాలి. వేల ఆటలు ఒకేసారి నడిచే శనాదివారాల్లో ఆ ఖర్చు కంపెనీ మీద పడుతుంది. మొదటి దారిలో ఆ లెక్క ఆటగాడి ల్యాప్‌టాప్ చేస్తుంది, కంపెనీకి దాదాపు ఉచితం. పైగా, దోస్తుల మధ్య దొంగచూపు చూసినవాడు చెడగొట్టుకునేది తన సరదానే. పైసలు పెట్టి ఆడే రమ్మీకైతే ఈ మాట చెల్లదు. మన రాష్ట్రంలో దాన్ని 2017లోనే నిషేధించారు కాబట్టి ఆ లొల్లి మనకెందుకు.

పాచికల విషయంలోనూ ఇదే తీరు. ఫౌండ్రీ, రోల్20 అని రెండు వీటీటీలున్నాయి. ఫౌండ్రీలో పాచిక పడేది వేసినవాడి బ్రౌజర్‌లోనే, మెర్సెన్ ట్విస్టర్ అనే సూత్రంతో. రోల్20లో పాచిక సర్వర్‌లో పడుతుంది, దాని యాదృచ్ఛికతకు కాంతిలోని హెచ్చుతగ్గులను వాడుతున్నామని ఆ కంపెనీ చెబుతుంది. ఆడేటప్పుడు మనకు తేడా తెలియదు. వరుసగా మూడు సార్లు ఒకటి పడినప్పుడు ఎవరిని తిట్టాలన్నదే తేడా.

అప్పటినుంచి ఏ వీటీటీ చూసినా నాకు ఒకటే ప్రశ్న: ఇందులో బరువు ఎవరి నెత్తిన పెట్టారు? కంపెనీ సర్వర్ మీదనా, గేమ్ మాస్టర్ మీదనా, ఆటగాడి పాత ల్యాప్‌టాప్ మీదనా? బరువు మాయం కాదు, ఒక నెత్తి మీది నుంచి ఇంకో నెత్తి మీదికి మారుతుంది.

2012లో వచ్చిన రోల్20 బరువును తన నెత్తిన పెట్టుకుంది. లింకు పంపితే చాలు, బ్రౌజర్‌లో ఆట మొదలు. సర్వర్లు వాళ్లవే కాబట్టి వాటి ఖర్చు నెలనెలా చందాల రూపంలో, పుస్తకాల అమ్మకాల రూపంలో రావాలి. 2020లో వచ్చిన ఫౌండ్రీ దీన్ని తిరగేసింది. గేమ్ మాస్టర్ ఒక్కసారి 50 డాలర్లు పెట్టి కొంటే చాలు, ఆటగాళ్లు పైసా కట్టక్కర్లేదు. బదులుగా సర్వర్‌ను గేమ్ మాస్టరే నడుపుకోవాలి. చందా లేదనగానే నేను ఎగిరి గంతేసి కొన్నాను. అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

ఫౌండ్రీ మామూలుగా 30000 నంబరు పోర్టు మీద, అంటే కంప్యూటర్‌లోకి వచ్చే ఆ నంబరు తలుపు మీద నడుస్తుంది. రౌటర్‌లో ఆ పోర్టు తెరిచి, నా ఐపీ అడ్రసు దోస్తులకు పంపాను. ఎవరికీ తెరుచుకోలేదు. రెండు రాత్రులు ఫైర్‌వాల్‌ను తిట్టుకున్నాక రౌటర్ తెర మీద నా అడ్రసు 100.72తో మొదలవడం కనపడింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను 2012లో ప్రత్యేకంగా ఒక పనికి కేటాయించారు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే. అందరికీ చాలవు కాబట్టి ఇంటర్నెట్ కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి అడ్రసు వెనక ఉంచుతాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఉన్నట్టు. మీరు బయటికి ఉత్తరం రాస్తే జవాబు మీకే వస్తుంది, వాచ్‌మన్ దగ్గర చిట్టీ ఉంటుంది. బయటివాడు తనంతట తాను మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే గేటు దగ్గరే ఆగిపోతాడు. నా సర్వర్‌ది అదే గతి. మా ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "సార్, ఇంట్లో సర్వర్ ఎందుకు సార్?" అని నిజంగానే ఆశ్చర్యపోయిండు ఆ పిల్లగాడు. విడిగా ఒక స్టాటిక్ ఐపీ, అంటే నాకొక్కడికే మారని అడ్రసు కావాలంటే నెలకు ఇంత అదనమన్నాడు. చందా వద్దని కొన్న సాఫ్ట్‌వేర్‌కు చందా ఇట్ల తయారైంది.

కొత్త పద్ధతి ఐపీవీ6లో ప్రతి ఇంటికీ సొంత అడ్రసు ఉంటుంది. నాకు వచ్చింది కూడా. హైదరాబాద్‌లోని ఒకడి ఆఫీసు నెట్‌వర్క్‌కు అది లేదు. చివరికి ఒక క్లౌడ్ మెషిన్, అంటే ఎక్కడో డేటా సెంటర్లో ఉండే కంప్యూటర్ అద్దెకు తీసుకున్నా. ఈ బాధ పాతదే. 2004 నుంచి ఉన్న ఫాంటసీ గ్రౌండ్స్ అనే వీటీటీ పాత రూపంలోనూ గేమ్ మాస్టర్ 1802 పోర్టు తెరవాల్సి వచ్చేది. 2020లో యూనిటీ అనే ఆటల ఇంజిన్ మీదికి మారినప్పుడు మధ్యలో తమ సర్వర్ పెట్టి ఆ తలనొప్పి తీసేశారు. అంటే నెత్తి మారింది.

క్లౌడ్ మెషిన్ ఎక్కడ ఉండాలి? అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో డేటా సెంటర్లు తెరిచింది. హైదరాబాద్ అయితే మాకు గుమ్మం ముందే, డల్లాస్ వాడికి మాత్రం భూగోళానికి అటు పక్క. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్ దాకా దాదాపు 14,400 కిలోమీటర్లు పోయి రావాలంటే తీగ సూటిగా ఉన్నా 144 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రాల కింద తీగ సూటిగా ఉండదు, కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. ఏ ఇంజినీరూ దీన్ని తగ్గించలేడు, దాచగలడంతే. టోకెన్‌ను లాగగానే మన తెర మీద వెంటనే జరిపేసి, సర్వర్‌ను తర్వాత అడుగుతారు. సర్వర్ ఒప్పుకోకపోతే టోకెన్ వెనక్కి దూకుతుంది. ఇది వరుస పెట్టి ఆడే ఆట కాబట్టి పావు సెకను ఆలస్యం ఎవరికీ పట్టదు. తుపాకుల ఆటలు రాసేవాళ్లు ఈ మాట వింటే కుళ్లుకుంటారు.

పట్టేది వేరే ఉంది. ఒక పాత్రకు ప్రాణం 20 అనుకోండి. దొంగ కొట్టిన దెబ్బకు నేను 5 తీసి 15 అని రాశాను. అదే క్షణాన ఆటగాడు విషానికి 3 తీసి 17 అని రాశాడు. చివర వచ్చినదే చెల్లుతుందనే పద్ధతిలో 17 మిగులుతుంది, ఉండాల్సింది 12. చాలా లొల్లులు ఈ మూలనే పుడతాయి. దీనికి విరుగుడు ఫలితాన్ని కాక పనిని పంపడం: "15 చెయ్యి" అని కాదు, "5 తీసెయ్యి" అని. అప్పుడు ఏది ముందొచ్చినా 12కే చేరుతుంది. కానీ ప్రతి మార్పునూ ఇలా పనిగా రాయాలంటే ప్రాణం అంటే ఏమిటో, కవచం అంటే ఏమిటో ప్లాట్‌ఫారానికి తెలియాలి. ఏ ఆటకైనా పనికొచ్చే ప్లాట్‌ఫారానికి అవి తెలియవు.

నియమాలు యంత్రానికి ఎంత నేర్పాలన్నది ఈ రంగంలో తెగని పంచాయితీ. దెబ్బ తగిలిందా, కవచం ఎంత ఆపింది, మంత్రం ఎన్ని క్షణాలుంటుంది, అన్నీ యంత్రమే లెక్కగడితే ఆట వేగంగా పోతుంది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడినంతసేపు. మా ఆటలో పాచికలు లేవు, గవ్వలున్నాయి. అష్టాచెమ్మ ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు: నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. దీన్ని వీటీటీలో పెట్టబోయాను. ఒకటో రెండో పడే రెండు ముఖాల పాచికలు నాలుగు వేసి, మొత్తంలోంచి 4 తీస్తే 0 నుంచి 4 దాకా వస్తుంది. ఆ సున్నాను 8గా మార్చాలి. ఈ చివరి మెలిక చాలా చోట్ల మామూలు పాచిక సూత్రంలో కుదరదు, చిన్న స్క్రిప్టు రాయాలి. మా వాడొకడు విసుగొచ్చి, "అయిదు ముఖాల పాచిక పెట్టు, అయిపాయె" అన్నాడు. లెక్క వేసి చూపించా. గవ్వలు చెరిసగం పడతాయనుకుంటే, అష్టా 16 పందేల్లో ఒకసారి. అయిదు ముఖాల పాచికతో అయిదింట్లో ఒకసారి. మూడు రెట్లు దాటింది. నిజం గవ్వ చెరిసగం కూడా పడదు, దాని పొట్ట ఆకారం దానిది. ఆ లెక్కకు ఏ ప్లాట్‌ఫారమూ దిగదు, దిగాల్సిన పనీ లేదు.

పాత్ర వివరాల పత్రంలోనూ ఇదే పేచీ. బలం, చురుకు, తెలివి అని ఆరు గడులు ముందే బిగించి పెడితే ప్రోగ్రామరుకు సుఖం, తప్పుడు విలువ రాకుండా చూడొచ్చు. మా పాత్రలకు "పరువు" అని ఒక గుణం ఉంది. అది తగ్గితే ఊళ్లో ఎవరూ అప్పివ్వరు. బిగించిన పత్రంలో దానికి చోటు లేదు. ఏదైనా రాసుకోండని వదిలేసే పత్రంలో చోటుంది, కానీ పరువు గడిలో ఎవరో "మస్తు" అని రాస్తే కూడిక ఆగిపోతుంది. అట్ల రాసిన మహానుభావుడు మా బృందంలోనే ఉన్నాడు.

వెలుగు నీడల సంగతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లెక్కకు గుండె గుభేలుమంటుంది. గుడి గీశానని చెప్పా కదా, అందులో 1163 నాటి మన వేయి స్తంభాల గుడిని దృష్టిలో పెట్టుకుని 100 స్తంభాల మండపం పెట్టాను. ఒక్కో స్తంభాన్ని ఎనిమిది గీతలతో చుట్టాను. మొత్తం 800 గోడలు. ఒక దివిటీ వెలుగు ఎక్కడిదాకా పోతుందో తేల్చడానికి తేలికైన పద్ధతి, ప్రతి మూలవైపూ మూడు కిరణాలు వదిలి, ఒక్కో కిరణం ప్రతి గోడకూ తగులుతుందేమో చూడటం. 2,400 కిరణాలు, 800 గోడలు: ఒక్క దివిటీకి 19 లక్షల పైచిలుకు లెక్కలు. పది దివిటీలు, నలుగురి కళ్లు. ఆ లెక్కను మిణుకుమిణుకుమనే మంట కోసం సెకనుకు 60 సార్లు చేయమంటే ల్యాప్‌టాప్ ఫ్యాను హెలికాప్టరైపోతుంది. తెలివైన పద్ధతిలో మూలలను కోణాల వరుసలో పేర్చి ఒక్క చుట్టు తిరిగితే అదే పని కొన్ని వేల లెక్కలతో ముగుస్తుంది, కాకపోతే ఆ కోడ్‌లో తప్పు దొర్లితే గోడ సందులోంచి వెలుగు కారుతుంది. నేను చేసిన పని ఇంకా మొరటుది: స్తంభాలను నలుపలకలు చేశాను. గోడలు సగమయ్యాయి, మొరటు పద్ధతిలో లెక్క పావుకు పడింది. కాకతీయ శిల్పులు నన్ను క్షమించాలి.

మ్యాపు బొమ్మదీ అలాంటి మోసమే. 40 గడుల పొడవు, 40 వెడల్పు, గడికి 140 పిక్సెళ్ల చొప్పున గీస్తే బొమ్మ 5,600 పిక్సెళ్ల చదరం. ఫైలు కుదించాక నాలుగైదు మెగాబైట్లే. తెర మీద గీయాలంటే గ్రాఫిక్స్ చిప్ దాన్ని పూర్తిగా విప్పుకోవాలి. పిక్సెల్‌కు 4 బైట్లు, మొత్తం 125 మెగాబైట్లు. గడికి 70 పిక్సెళ్లు చేస్తే 31కి దిగుతుంది. పాత ఫోన్లలో 4,096 పిక్సెళ్లు దాటిన బొమ్మ అసలు ఎక్కకపోవచ్చు. ముక్కలుగా కోసి, కనపడేంత మేరకే తెచ్చుకునే పద్ధతి ఉంది, మ్యాపుల యాపుల్లో చేసేది అదే. చేసిపెట్టడానికి మాత్రం ఎవరో కూర్చోవాలి.

మాట్లాడుకోవడానికి వీడియో కాల్ కూడా వీటీటీలోనే పెట్టాలా? అయిదుగురు ఒకరితో ఒకరు నేరుగా కలిస్తే 10 తీగలు, ప్రతి ఒక్కరూ తమ వీడియోను నలుగురికీ విడివిడిగా పంపాలి. మేము డిస్కార్డ్ అనే కాల్ యాప్‌లో మాట్లాడుకుంటాం, వీటీటీ బల్ల మీద ఆడుకుంటాం. ఇంకొకరు బాగా చేసిన పనిని మళ్లీ మొదటినుంచి చేయడం ప్రోగ్రామర్ల జబ్బు, నాకూ ఉంది.

ఇక ప్లగిన్లు. బయటివాళ్లు రాసిన కోడ్‌ను ఎంత లోపలికి రానిస్తారన్నదాంట్లో మూడు రకాల ఇళ్లున్నాయి. ఫౌండ్రీలో మాడ్యూల్ అంటే ఇంటి సభ్యుడే, వంటింటి దాకా వస్తాడు. అదే పేజీలో నడుస్తుంది, దేన్నైనా మార్చగలదు. అందుకే ఊహించని సొబగులన్నీ అక్కడే పుట్టాయి. అందుకే 2022లో 10వ వెర్షన్‌లో డేటా అమరిక మారినప్పుడు, అప్పటిదాకా "డేటా.డేటా" అని రాసుకున్నవాళ్లంతా "సిస్టమ్" అని మార్చుకోవాల్సి వచ్చింది. మార్చని మాడ్యూళ్లు మూలన పడ్డాయి. రోల్20లో స్క్రిప్టులు కంపెనీ సర్వర్‌లో ఒక కంచె లోపల నడుస్తాయి, అదీ పై చందా కట్టినవాళ్లకే. ఔల్‌బేర్ రోడియో అనే ఇంకో వీటీటీలో ఎక్స్‌టెన్షన్ అరుగు మీద కూర్చున్న చుట్టం: విడి ఫ్రేములో ఉంటుంది, ఏది కావాలన్నా కిటికీలోంచి అడిగి తీసుకోవాలి. ఇల్లు మార్చినా అరుగు అట్లనే ఉంటుంది కాబట్టి తెగిపోవడం తక్కువ, చేయగలిగిందీ తక్కువే. నన్నడిగితే, నెలకోసారి ఆడేవాళ్లకు అరుగు చాలు. వారం వారం ఆడే పిచ్చోళ్లు వంటింటి దాకా రానిచ్చి, ఆ తర్వాత ఆట కుదిరినన్నాళ్లు అప్‌డేట్ బటన్ నొక్కకుండా ఉంటే మంచిది.

ఏ పోలికల పట్టికలోనూ కనపడని గడి ఒకటుంది, తెలుగు. టోకెన్ కింద పేరు బదులు మొదటి అక్షరం చూపించే ఒక ప్లగిన్ పెట్టుకున్నా. "శ్రీను" కాస్తా "శ" అయ్యాడు, "స్త్రీ వేషం" అని రాసుకున్న గూఢచారి "స" అయ్యింది. మనకు ఒక్క అక్షరంగా కనపడే "స్త్రీ" లోపల ఆరు గుర్తులుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. మొదటి గుర్తు కోసి పెడితే మిగిలేది "స" ఒక్కటే. కాస్త తెలివైన పద్ధతి, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ప్రమాణమైన యూనికోడ్ నియమాల ప్రకారం అక్షరాలు విడదీయమనడం. ఆ నియమాలు కూడా చాలాకాలం "స్త్రీ"ని మూడు ముక్కలు చేసేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టారు.

మామూలు వెబ్ పేజీలో తెలుగు చక్కగా వస్తుంది, ఎందుకంటే ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో తేల్చే ఇంజిన్ బ్రౌజర్‌లోనే ఉంది. ఆటల ఇంజిన్లలో వేగం కోసం ఒక్కో అక్షరం బొమ్మను ముందే గీసి పెట్టుకుని, పక్కపక్కన అతికిస్తారు. ఇంగ్లిష్‌కు సరిపోతుంది. మనకు ఒత్తు కిందికి పోదు, పొల్లు విడిగా నిలబడుతుంది, "ఓరుగల్లు" చివర "ల్ లు" అని విరిగిపోతుంది. వేగమా, ఒత్తులా అన్న ఈ బేరంలో మన తరఫున మాట్లాడేవాళ్లు ఆ గదిలో ఉండరు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరాన్ని ఒక తీరుగా రాసి పంపితే ఐఫోన్లలో యాపులు కుప్పకూలాయి. ప్రపంచమంతా నవ్వింది. అంత పెద్ద ఆపిల్‌కే తడబాటైతే, ఇద్దరు ముగ్గురు కలిసి రాసే వీటీటీని ఏమనగలం? టోకెన్ పేర్లను బొమ్మలోనే రాసేసుకుంటున్నాం.

వీటన్నిటికీ పైన మూడు కొలతల మోజొకటి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ యజమాని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2022లో అన్‌రియల్ ఇంజిన్ 5 అనే ఆటల ఇంజిన్ మీద ఒక త్రీడీ బల్లను ప్రకటించింది. సిజిల్ అనే పేరుతో 2025 మొదట్లో విడుదలైంది, కొద్ది వారాలకే ఆ బృందంలో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. నాకు ఆశ్చర్యమేయలేదు. రెండు కొలతల్లో దొంగ కావాలంటే గుండ్రటి బిళ్ల చాలు. మూడు కొలతల్లో దొంగకు ఒళ్లు, తలపాగా, నడక అన్నీ ఎవరో చేసిపెట్టాలి. "ఆ బావి పక్కన గొర్రెలు మేస్తున్నయి" అని నేను నోటికొచ్చింది అనగానే బొమ్మలో గొర్రె లేకపోతే కథ అక్కడే ఆగుతుంది. దీనికి ముందు, 2023 జనవరిలో, అదే సంస్థ, తన ఆట నియమాలను ఇతరులు వాడుకునే లైసెన్సు ముసాయిదాలో ఇతర వీటీటీలకు ఒక హద్దు గీయబోయింది: మంత్రం బాణంలా తెర మీద ఎగిరే యానిమేషన్ పెడితే అది బల్ల ఆట కాదు, వీడియో గేమ్ అన్నట్టు. ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ నెలాఖరుకే వెనక్కి తగ్గి, తన మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ వదిలేసింది. ఏ ఫీచరు పెట్టాలన్నది ఇంజినీరు ఒక్కడి చేతిలో లేదని అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు మా బల్ల మీద దివిటీలు లేవు. బూడిద రంగు గీతలతో మ్యాపు, గడికి 70 పిక్సెళ్లు, గవ్వల స్క్రిప్టు ఒకటి. అదీ కరీంనగర్ వాడే రాసిండు. పోయిన ఆదివారం కోట గోడ దగ్గర అందరూ ఆగారు. కాసేపు వాడి కీబోర్డు టకటక వినిపించింది.

"అరేయ్, ఈసారి డేటాల ఏం లేదేందిరా?"

"గోడెనక ఏమున్నదో నేనే ఇంకా అనుకోలేదురా."